పాత చరిత్ర పుస్తకాన్ని రెండు పెన్సిళ్ళతో చదవడం

కిందటి డిసెంబరులో ఒక ఆదివారం మా చెల్లెలి మనవరాలు అన్నానగర్ హాస్టల్ నుంచి పెరంబూరుకి భోజనానికి వచ్చింది. సివిల్స్‌కి చదువుతోంది, ఆప్షనల్ హిస్టరీ. పుట్టి పెరిగింది చెన్నైలోనే. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కుంటుంది. పప్పుచారు తిని చెయ్యి కడుక్కుని నా బీరువా ముందు నిలబడి, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి బయటికి లాగింది.

"తాతయ్యా, ఇది చదవొచ్చా? పాతవన్నీ కట్టుకథలు, ముట్టుకోవద్దన్నారు మా సార్."

అది చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము', మొదటి భాగం. 1910లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో వచ్చింది. నేను దాన్ని 1981లో మూర్ మార్కెట్‌లో కొన్నాను. నాలుగేళ్ళ తర్వాత ఆ మార్కెట్టే కాలిపోయింది, పుస్తకం మాత్రం నా దగ్గర బతికింది.

"చదువు. కాకపోతే నల్ల పెన్సిల్ ఒకటి, ఎర్ర పెన్సిల్ ఒకటి తెచ్చుకో. పెన్ను మాత్రం వద్దు" అన్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను చరిత్రకారుణ్ణి కాను. 1974లో నెల్లూరు జిల్లా నుంచి మద్రాసు వచ్చి తెలుగు ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దుకుంటూ బతికినవాణ్ణి. కాబట్టి కింద చెప్పేదంతా ప్రూఫ్ రీడర్ పద్ధతి. నాకు పనికొచ్చింది, ఆ పిల్లకీ పనికొస్తోంది.

మొదటిసారి పెన్సిల్ పట్టుకోకుండా చదవాలి. ఇది నాకే కష్టమైంది. ప్రూఫు చూసేవాడు కథలో పడితే ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) పోయినట్టే అని మా ఫోర్‌మన్ తిట్టేవాడు. ఏళ్ళ తరబడి అక్షరం మీదే కన్ను పెట్టిన వాడికి వాక్యం కనపడదు. కానీ ఇలాంటి పుస్తకాన్ని ముందు కథలాగే చదవాలి. రోజుకి ఇరవై పేజీలు, గొంతెత్తి. గ్రాంథికం కంటికి బరువు గానీ చెవికి తేలిక. అరసున్నలు ఉన్నాయని మర్చిపోవాలి. వాక్యం ఆరేడు పంక్తులు సాగితే ఒక్క గెంతు గెంతి చివర క్రియ చూసుకుని, మళ్ళీ మొదటికి రావాలి. ఎవరు, ఏం చేశారు అనే రెండూ దొరికితే మధ్యలోది దానంతటదే సర్దుకుంటుంది. పిల్లకి పదిహేను పేజీలు ఇబ్బంది అయింది. పదహారో పేజీ నుంచి చిన్నప్పుడు బామ్మ చదివే భారతంలా ఉందంది.

ఈ రకం పుస్తకం గొప్పంతా ఆ సాగుడులోనే ఉంది. ఆమె కోచింగ్ నోట్సు చూశాను. కాకతీయులు: చెరువులు, నాయంకర విధానం, పేరిణి. అన్నీ నిజమే, ఒకదానికొకటి చుట్టరికం మాత్రం లేదు. "1199లో గణపతిదేవుడు గద్దెక్కాడు గదా, ఆ కాలంలో దేవగిరిలో ఎవరున్నారు? దక్షిణాన చోళుల సంగతేమిటి?" అనడిగితే దిక్కులు చూసింది. దేవగిరిలో కొన్నాళ్ళకే యాదవ సింఘణుడు బలపడ్డాడు, కింద చోళులు కుంగుతుంటే పాండ్యులు లేస్తున్నారు. ఇది తెలియకపోతే గణపతిదేవుడు తీరం వైపు ఎందుకు అంత చొరవగా వెళ్ళగలిగాడో అర్థం కాదు. ఇప్పటి పరిశోధన వ్యాసం ఒక శాసనాన్నో ఒక తాలూకానో పట్టుకుని నలభై పేజీలు తవ్వుతుంది. అవీ కావాలి. అయితే దారి ముందే తెలిసినవాడి కోసం రాసినవి అవి. దారి చూపించేది పాత పెద్ద పుస్తకమే.

ఇంకో సంగతి. ఆ పుస్తకం రాసిన కాలం ఎలాంటిదో ఒక నిమిషం ఆలోచించాలి. మద్రాసులో ప్రభుత్వ శాసన పరిశోధకుడిగా హుల్‌ష్ వచ్చింది 1886లో. శాసనాల పాఠాలు అచ్చేసే 'ఎపిగ్రాఫియా ఇండికా' మొదలైంది 1888లో. మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలు ఒక్కచోట పెద్ద సంపుటంగా అచ్చయింది 1948లో. అంటే వీరభద్రరావు గారు కలం పట్టేనాటికి చేతిలో ఉన్నవి అక్కడొకటి ఇక్కడొకటి, అవీ ఎక్కువగా ఇంగ్లీషు వ్యాఖ్యానాలతో. పత్రికల్లో పనిచేసిన మనిషి వాటిని పోగేసి, ఇంగ్లీషు రాని తెలుగువాడు చదువుకునేలా వరసగా కూర్చిపెట్టాడు. 1906లో హైదరాబాదులో పుట్టి తర్వాత మద్రాసుకు తరలిన విజ్ఞాన చంద్రికా మండలి, దాని వెనక కొమర్రాజు లక్ష్మణరావు గారు పట్టుపట్టింది అందుకే. ఆ పుస్తకం వచ్చిన మూడేళ్ళకి, 1913లో, బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రెసిడెన్సీలో తెలుగు జిల్లాల వాళ్ళు మాకూ ఒక గతం ఉందని చెప్పుకోవాలని తహతహలాడుతున్న రోజులు. పుస్తకంలోని వేడి ఆ రోజులదే, లోపాలు కూడా చాలామటుకు ఆ వేడి నుంచే వచ్చాయి.

ఇక రెండో చదువు. ఇప్పుడు నల్ల పెన్సిల్ తియ్యాలి. దీనితో చేసేది ఒక్కటే పని: వాక్యం చివర చూడటం. 'అని శాసనము చెప్పుచున్నది' అంటే ఒక రకం. 'అని తెలియవచ్చుచున్నది' అంటే, ఎవరి ద్వారా తెలిసింది అని అడగాలి. 'ఊహింపవచ్చును', 'కాఁబోలు' అంటే రచయిత నిజాయితీగా చేతులెత్తేశాడు, అక్కడ మనకి భయం లేదు. 'సందేహము లేదు', 'నిర్వివాదాంశము', 'నిస్సంశయముగా' అన్నచోట మాత్రం గీత గట్టిగా గియ్యాలి. సందేహం నిజంగా లేకపోతే ఆ మాట అనాల్సిన పనే లేదు గదా. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, సందేహము లేదు అని ఎవరూ రాయరు. వీరభద్రరావు గారొక్కరే అని కాదు, ఆ తరం చరిత్ర రచయితలు ఎవరిని తీసినా ఈ గీతల పద్ధతి పనిచేస్తుంది.

వీటికన్నా ప్రమాదకరమైనది ఊరికే 'చేసెను', 'మరణించెను' అని నున్నగా సాగిపోయే వాక్యం. దాని కింద ఆధారం ఉందో లేదో పైకి కనపడదు. దీనికి నేను ఒకసారి గట్టిగా బలయ్యాను.

1983 ప్రాంతం. డిగ్రీ పిల్లల కోసం ఒక లెక్చరర్ రాసిన చరిత్ర పుస్తకం మా ప్రెస్సుకి వచ్చింది. గాలీ ప్రూఫులో (పేజీలు కట్టకముందు తీసే మొదటి ప్రూఫు) రుద్రమదేవి మరణం 1289 అని ఉంది. నేను అప్పటికి పాత పుస్తకాలు నాలుగైదు తిరగేసి ఉన్నాను. వాటిల్లో 1295 అనో 1296 అనో ఉంటుంది. కంపోజిటర్ తప్పు కొట్టాడనుకుని, అడగను కూడా అడగకుండా 1295 చేశాను. పైగా మంచి తప్పు పట్టానని టీ తాగుతూ అందరికీ చెప్పాను. ఆయన ఊళ్ళో లేక పేజీ ప్రూఫు చూడలేదు. ఫారం రెండువేల కాపీలు అచ్చయిపోయింది.

వారం తర్వాత ఆయన వచ్చారు. అరవలేదు. సంచీలోంచి ఒక వ్యాసం తీసి నా బల్ల మీద పెట్టారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం పాఠం అది. "ప్రూఫ్ రీడర్ గారూ, మీరు దిద్దింది నా అచ్చుతప్పునా, ఈ రాయినా?" అన్నారు. నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ కలిసి మైదా జిగురుతో రెండువేల సవరణ చీటీలు అంటించాం. మూడు రోజులు పట్టింది. ఆ జిగురు వాసన ఇప్పటికీ గుర్తే.

అందుకే పిల్లకి ఈ శాసనాన్నే మొదటి పాఠంగా పెట్టాను. నోట్‌బుక్‌లో మూడు గడులు గియ్యమన్నాను: రాయి, ఊహ, కథ. రాయి అన్న గడిలో శాసనంలో ఉన్నదే రాయాలి. శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిరం. పువ్వుల ముమ్మడి అనే బంటు, కాకతి రుద్రమదేవికీ మల్లికార్జున నాయుడికీ శివలోక ప్రాప్తి కలగాలని సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. అంతే. ఊహ గడిలో: ఇద్దరికీ కలిపి పుణ్యం కోరాడు కాబట్టి ఇద్దరూ దగ్గర దగ్గరగా చనిపోయి ఉండాలి, బహుశా యుద్ధంలో. ఆ రోజుల్లో కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడు తిరగబడి ఉన్నాడు, 1290 నాటి త్రిపురాంతకం శాసనం అతని బలం చూపిస్తోంది, కాబట్టి ఆ యుద్ధం అతనితోనే కావచ్చు. ఇది మంచి ఊహ, చాలామంది పండితులు ఒప్పుకున్నది. అయినా ఊహే. చంపింది ఫలానావాడని చందుపట్ల రాయి మీద లేదు. మూడో గడిలో: ముసలి రాణి గుర్రమెక్కి కత్తి దూసి... ఇక్కడ ఎవరి ఓపిక వాళ్ళది.

ఇదే పద్ధతి ప్రతాపరుద్రుడి చావుకీ వాడితే తమాషా కనపడుతుంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఆయన్ని ఢిల్లీ తీసుకెళ్ళారని, సుల్తాను గౌరవించి తిరిగి పంపాడని పాత వచన చరిత్రలు కథ చెబుతాయి. కోనసీమలోని విలస గ్రామాన్ని దానమిస్తూ ప్రోలయ నాయకుడు వేయించిన రాగిరేకుల్లో, బందీగా వెళుతూ నర్మద ఒడ్డున చనిపోయాడని ఉంది. ఆ రేకుల పాఠాన్ని నేలటూరి వెంకటరమణయ్య గారు, మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు ప్రకటించింది 1950ల చివర్లో. 1423 నాటి రెడ్డిరాణి అనితల్లి కలువచేరు శాసనమేమో ఆయన తన ఇష్టంతో దేవలోకం వెళ్ళాడంటుంది. రేకులు బయటపడక ముందు రాసినవాణ్ణి అబద్ధాలకోరు అనడం అన్యాయం. రేకులు వచ్చాక కూడా పాత కథే చెప్పేవాణ్ణి ఏమన్నా పాపం లేదు.

తేదీలు సరిచూసుకోవడం ఎవరికైనా వచ్చు, దానికి పండితుడు కానక్కర్లేదు. శక సంవత్సరానికి 78 కలిపితే మన క్రీస్తు శకం. తిథి పుష్యం చివర నుంచి ఫాల్గుణం లోపు పడి, జనవరి దాటితే 79 కలపాలి. రచయిత సంవత్సరం పేరు కూడా ఇస్తే ఇంకా మంచిది. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషం ప్రభవ నుంచి ఎన్నో సంవత్సరమో చెబుతుంది. 1211కి 12 కలిపితే 1223, శేషం 23, ఇరవై మూడోది విరోధి. సరిపోయింది. శేషం సున్నా వస్తే అక్షయ. ఒకటి తేడా వస్తే కంగారు పడొద్దు, కొన్ని శాసనాలు నడుస్తున్న ఏడు చెబుతాయి, కొన్ని గడిచిన ఏడు. పదేళ్ళ తేడా వచ్చిందంటే మాత్రం రచయితో, కంపోజిటరో, నాలాంటి తెలివిగల ప్రూఫ్ రీడరో చెయ్యి పెట్టాడన్నమాట. శ్లోకంలో అంకెల బదులు మాటలుంటే (చంద్రుడు 1, నేత్రం 2, వేదం 4, బాణం 5) కుడి నుంచి ఎడమకి చదవాలి. ఇక్కడే పాత పుస్తకాల్లో ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

ఎర్ర పెన్సిల్ పని వేరు. 'మన', 'మనవారు', 'జాతి', 'ఆంధ్ర సామ్రాజ్యము' అన్నచోటల్లా దానితో సున్నా చుట్టాలి. సున్నా చుట్టడమంటే కొట్టేయడం కాదు, ఈ మాట ఎవరిది అని గుర్తు పెట్టుకోవడం. శాతవాహనుల్నే చూడండి. వాళ్ళని ఆంధ్రులన్నవి పురాణాలు. మత్స్యపురాణం లెక్క ముప్పై మంది రాజులు, 460 ఏళ్ళు. వాళ్ళ సొంత శాసనాల్లో చూస్తే భాష ప్రాకృతం, వాళ్ళు చెప్పుకున్న పేరు శాతవాహనులని. తొలి శాసనాలు నానాఘాట్‌లో, నాసిక్‌లో, అంటే మహారాష్ట్రలో ఉన్నాయి. 1910లో ఉద్యమం వేడిలో ఉన్న మనిషికి పురాణం మాట తియ్యగా వినపడటం సహజం. తర్వాతి పండితులు కొందరు బళ్ళారి వైపన్నారు, కొందరు మహారాష్ట్రే అన్నారు, పాత పుస్తకాన్ని ఎగతాళి చేశారు. ఇంతలో 1970ల్లో గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శ్రీముఖుడి నాణేలు బయటపడ్డాయి. మొదటి రాజు నాణేలు తెలుగు నేల మీద! దాంతో అంతా తేలిపోయిందని కాదు, వాదం నడుస్తూనే ఉంది. పెన్ను వద్దు, పెన్సిలే కావాలన్నది ఇందుకే. నా పుస్తకంలో ఆ పేజీ మార్జిన్‌లో రెండుసార్లు రాసి రెండుసార్లు చెరిపాను, కాగితం పలచబడిపోయింది.

'మన' మీద సున్నా చుట్టడం చెన్నైలో ఉన్నవాడికి తేలిక, పక్కింట్లోనే ఇంకో 'మన' ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన తమిళ మాస్టారు ఒకాయన ఉన్నారు. పొద్దున నడకకి కలిసి వెళతాం. ఒకరోజు నేను రాజరాజ నరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు, వేంగి చాళుక్యుడు, చోళుల గద్దె కూడా సంపాదించాడు అని ఉత్సాహంగా చెబుతున్నాను. ఆయన నిలబడిపోయి, "ఎంగ కులోత్తుంగ సోళన్ సార్ అదు" అన్నారు, ఆయన మా కులోత్తుంగ చోళుడండీ అని. ఇద్దరం చెప్పింది ఒక్క మనిషి గురించే. 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. తండ్రి రాజమహేంద్రవరంలో నన్నయకి ఆశ్రయమిచ్చిన రాజు. తల్లి అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. నాయనమ్మ కుందవ్వ కూడా చోళుల ఆడపడుచే. మన పుస్తకంలో ఆయన మనవాడు వెళ్ళి గెలిచినట్టు ఉంటాడు, వాళ్ళ పుస్తకంలో అమ్మమ్మగారింటికి వచ్చి వంశం నిలబెట్టినట్టు ఉంటాడు. ఎవరి పుస్తకమూ అబద్ధం చెప్పదు, ఎవరికి కావాల్సిన చోట వాళ్ళు కథ మొదలుపెడతారు. కాబట్టి ఒక జాతి చరిత్ర చదివినప్పుడు, అదే కాలానికి పొరుగువాళ్ళ చరిత్రలో ఒక అధ్యాయమైనా పక్కన పెట్టుకోవాలి. కన్నిమెరా లైబ్రరీలో రెండూ దొరుకుతాయి.

లైబ్రరీ దాకా వెళ్ళినవాళ్ళు పక్కనే ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడకుండా రావద్దు. శుక్రవారం సెలవు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వి మద్రాసు చేర్చిన రాళ్ళు చాలామటుకు లండన్ వెళ్ళిపోయాయి, మిగిలినవి, తర్వాతి తవ్వకాల్లో వచ్చినవి ఇక్కడ ఉన్నాయి. పిల్లని తీసుకెళ్ళి బుద్ధుడి మీదికి వదిలిన నాళాగిరి అనే మదపుటేనుగు ఉన్న గుండ్రటి ఫలకం ముందు నిలబెట్టాను. ఒకే ఫలకంలో ఆ ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకవైపు మనుషుల్ని కాళ్ళకింద వేసి తొక్కుతూ, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. రెంటి మధ్య ఏం జరిగిందో శిల్పి చూపించలేదు, చూసేవాళ్ళే కలుపుకుంటారు. పిల్ల మాత్రం ఏనుగుల్ని వదిలేసి మేడ కిటికీల్లోంచి తొంగిచూసే మనుషుల్నే చాలాసేపు చూసింది. "తాతయ్యా, వీళ్ళు నీ పుస్తకంలో లేరు" అంది.

లేరు. అది నిజమైన లోపం, దానికి కాలాన్ని సాకు చెప్పి తప్పించలేను. రాజు, రాజు కొడుకు, యుద్ధం, దానం, మళ్ళీ రాజు. మనుషుల ఆనవాళ్ళు అప్పటికే చేతికందిన శాసనాల్లో ఉన్నా చాలామంది రచయితలు వాటిని బిరుదుల కోసమే చదివారు. మోటుపల్లి వీరభద్రాలయంలో గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244-45 నాటిది. గాలివానకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా ఇదివరకటి రాజులు లాగేసుకునేవారు, మేం మాత్రం సుంకం తప్ప ఏమీ తీసుకోం, ప్రాణం కన్నా ధనం ఎక్కువ గదా జనానికి అంటుంది. కింద సరుకుల జాబితా: గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పన్నీరు, మిరియాలు. దీన్ని రాజుగారి దయకి సాక్ష్యంగా ఒక పంక్తిలో తేల్చేస్తే ఎలా? ఆ ఓడలో వచ్చినవాడెవడు, ఒడ్డున మూటలు మోసిందెవరు? పాత పుస్తకంలో రాజు పేరు వచ్చిన ప్రతి దానశాసనం దగ్గరా ఈ ప్రశ్న మార్జిన్‌లో రాయమన్నాను. జవాబు కోసం శాసనం పూర్తి పాఠం చూడాల్సి వస్తుంది, చూసినకొద్దీ ఆ పిల్ల గ్రాంథికం కూడా బాగుపడుతోంది.

మామూలు జాగ్రత్తలు నాలుగు చెబుతాను. ఇంత పాత పుస్తకాన్ని మడిచి పట్టుకోకండి, వీపు విరుగుతుంది. కొత్త ముద్రణ కొంటే ముందు పాతదానితో పేజీ సంఖ్యలు పోల్చుకోండి. వెనక విషయసూచిక లేకపోతే మీరే చీటీల మీద రాసుకోండి, పేరుకో చీటీ. తప్పొప్పుల పట్టిక ఉంటే మొదట దాన్నే చదవండి, రచయిత ఎంత శ్రద్ధగలవాడో అక్కడే తెలిసిపోతుంది.

మొన్న ఆదివారం పిల్ల మళ్ళీ వచ్చింది. రెండో భాగం, 1912లో వచ్చిన 'మధ్యయుగము', లైబ్రరీలో కూర్చుని మొదలుపెట్టిందట. నోట్‌బుక్ నాకిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. రుద్రమదేవి పేజీ తీశాను. రాయి గడిలో 1211 విరోధి. ఊహ గడిలో అంబదేవుడు, పక్కన ప్రశ్నార్థకం. కథ అన్న గడిలో ఎర్ర పెన్సిల్‌తో ఇలా ఉంది: "1295 — తాతయ్య, రెండువేల కాపీలు."